భిలాయి పార్కులో పనసకాయకు మూడు షిఫ్టులు

ఎందుకు రాయవలసి వచ్చిందంటే

మా పార్వతీపురం శాఖా గ్రంథాలయంలో యాత్రల బీరువా ఒకటి ఉంది. కుట్టుపని లేని మధ్యాహ్నాల్లో, పదకొండేళ్లుగా, పై అర నుంచి కింది అర దాకా దాన్ని చదివేశాను. కాశీ వెళ్లినవాళ్లు రాశారు, హిమాలయాలు ఎక్కినవాళ్లు రాశారు, సముద్రాలు దాటి వెళ్లి అక్కడి రొట్టె గట్టిగా ఉందని రాసినవాళ్లూ ఉన్నారు. భిలాయి వెళ్లినవాళ్లు మాత్రం ఒక్కరూ రాయలేదు. మా వీధిలో నాలుగిళ్లకొకరు భిలాయి వెళ్లారు. వచ్చినప్పుడల్లా వాళ్లు చెప్పేది ఒకటే మాట: "అక్కడన్నీ పార్కులే." ఆ పార్కుల్లో జనం ఏం చేస్తారని అడిగితే, "ఏటి సేస్తారు? పార్కులో సేసేదే సేస్తారు" అంటారు. ఇంత వివరంగా చెప్పాక ఇక పుస్తకం ఎందుకని ఊరుకుని ఉంటారు.

రెండో కారణం నా సొంతది. ఒక పనసకాయ విషయంలో నా మీద మాట పడింది. నేను కాపలా ఉండగా కాయ పోయిందని బంధువుల ఫోన్ గ్రూపులో రాజాం నుంచి రాయగడ దాకా పాకింది. పోయిన మాట నిజమే. ఎలా పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. నా దగ్గర రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది. నాలుగు పుస్తకాలు చదివినదాన్ని కనుక, సాక్ష్యాన్ని చివరికి దాచుకోవాలని నాకు తెలుసు.

రైల్లో లక్ష్మి దీదీ

మే నెలలో భిలాయి ఎవరూ వెళ్లరు. నేను వెళ్లాను. మా పెద్దమ్మ కూతురు నరసమ్మక్క, భర్త రిటైరయ్యాక, సెక్టారులోని ఉక్కు ప్లాంటు క్వార్టర్ ఖాళీ చేస్తోంది, సామాను సర్దడానికి మనిషి కావాలంది. "పార్కు ఎదురుగానే మా ఇల్లు" అని ఎర కూడా వేసింది. సంచిలో రెండు చీరలు, చెట్ల గురించి గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న లావుపాటి పుస్తకం ఒకటి పెట్టుకుని బయలుదేరాను.

ఎదురు సీట్లో ఒకావిడ పులిహోర పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టాక పేరు చెప్పింది. లక్ష్మి. తల్లిదండ్రులది బొబ్బిలి, తను పుట్టింది భిలాయిలో. అక్కడే ఖుర్సీపార్ బస్తీలో టిఫిన్ దుకాణం నడుపుతుంది. అక్కడ అందరికీ లక్ష్మి దీదీయేనట, సొంత మరిదికి కూడా.

"ఫస్ట్ టైమా మీరు? సూడండి మరి, సెక్టార్లంతా ఒకటే హరియాలీ. పేడ్లే పేడ్లు!"

హరియాలీ అంటే పచ్చదనమని, పేడ్ అంటే చెట్టని నాకు తెలుసు. హిందీ మొదటి వాచకం కూడా మా గ్రంథాలయంలో ఉంది.

"మీ ఖుర్సీపార్లోనూ అంతేనా?" అన్నాను.

"మాకాడ ఆద్మీలే ఆద్మీలు" అని నవ్వింది, మనుషులే తప్ప చెట్లు లేవని. "సెక్టారోళ్లకి సెట్టుకింద జాగా. మాకు జాగా ఉంటే సెట్టు ఏస్తాం గానీ, ముందు ఓ మంచం ఏసుకుంటాం. శనివారం రండి, ఇడ్లీ ఎడతాను."

భిలాయి పార్కుల గురించి ఆ తరవాత వారం రోజులు తిరిగి నేను తెలుసుకున్నదంతా, పులిహోరతో కలిపి, రైల్లోనే నా చేతిలో పెట్టేసిందని అప్పుడు నాకు తెలియలేదు.

సెక్టారు పార్కు: గురువారం

పార్కు నిజంగానే ఇంటికి ఎదురుగా ఉంది. మా వీధి చివర కూడా ఒక పార్కు ఉంది. దానికి గేటుంది, గేటుకి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసిన మనిషి బదిలీ అయిపోయాడు. ఆ లెక్కన భిలాయివాళ్లు అదృష్టవంతులు. లోపలికి వెళ్లగలరు.

వెళ్లి ఏం చేస్తారంటే, పొద్దున్న అయిదున్నరకి గుండ్రంగా తిరుగుతారు. అందరూ ఒకే వైపు తిరుగుతారు. ఎవరైనా ఎదురుగా వస్తే రైలు తప్పు పట్టాల మీదికి వచ్చినట్టు చూస్తారు. నేను అలాగే వచ్చాను, అలాగే చూశారు. ఒక మూల పదిమంది పెద్దమనుషులు నిలబడి చేతులు పైకెత్తి నవ్వుతుంటారు. జోకు ఎవరూ చెప్పరు. నవ్వడం అయిపోగానే ముఖాలు మామూలుగా పెట్టుకుని ఇంటికి పోతారు. "పూలు కోయరాదు" అని హిందీలో రాసిన బోర్డు కింద ఆడవాళ్లు కొక్కెం కర్రలతో మందారాలు కోస్తుంటారు. అడిగితే దేవుడికంటారు. బోర్డు రాసినవాళ్లు దేవుణ్ణి దృష్టిలో పెట్టుకోలేదు, పాపం. వ్యాయామానికని కొత్తగా పాతిన ఇనప యంత్రాల మీద ఎవరివో పిండివడియాలు ఎండుతున్నాయి. ఆ పార్కులో ఒళ్లు వంచి పనిచేస్తున్నవి అవే.

బెంచీలది మరో పద్ధతి. ఖాళీగా ఉన్నదాని మీద కూర్చోబోతే ఒకాయన "యే కోక్ ఓవెన్ కా హై" అన్నాడు. బెంచీలు ప్లాంటులోని విభాగాల వారీగా పంచుకున్నారు. రిటైరై ఎన్నేళ్లయినా కోక్ ఓవెన్‌వాళ్లు కోక్ ఓవెన్ బెంచీ మీదే, రైలు పట్టాలు చేసినవాళ్లు రైల్ మిల్ బెంచీ మీదే. బ్లాస్ట్ ఫర్నేస్ బెంచీని దూరం నుంచే పోల్చుకోవచ్చు. ముప్పై ఏళ్ల చప్పుడుకి చెవులు పోయినవాళ్లు కనుక రహస్యాలు కూడా అరుస్తూ చెప్పుకుంటారు.

మా అప్పారావు బావ, నరసమ్మక్క భర్త, బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి. ఆయన బెంచీ పక్కన ఒక పనసచెట్టు ఉంది. ఎనిమిదేళ్ల కిందట నరసన్నపేట దగ్గర వాళ్ల ఊరి నుంచి పాలడబ్బాలో మొక్క తెచ్చి నాటింది ఆయనే. ఈ ఏడే మొదటి కాపు. మొదటి కాపు అంటే ఒకటే కాయ, మొదలుకి మూరెడు ఎత్తులో. దానికి గోనెసంచి తొడిగి పురికొసతో కట్టారు. ఆ సంచికి మూడు షిఫ్టుల కాపలా.

నేను నవ్వాను. బావ నవ్వలేదు.

"ఏటి మరదలా, నవ్వులాటనుకున్నావా? ఇక్కడోళ్లకి ఇది కూరకాయ. కటహల్ అని పచ్చిది కోసుకుపోయి కూరొండేస్తారు. పండాల ఇది. సెట్టు మీదే పండాల."

ఏ షిఫ్టు, అంటే పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా, బావది. రెండు నుంచి చీకటిపడేదాకా బీ షిఫ్టు తివారీ గారిది. ఈయన రైల్ మిల్‌లో చేసి రిటైరయ్యారు. రాత్రి షిఫ్టు పార్కు కుక్కకి అప్పజెప్పారు. సెలవు చీటీ పెట్టని ఉద్యోగి అదొక్కటే. బెంచీ కింద రేకుపెట్టెలో ఒక రిజిస్టరు కూడా ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా సంచి విప్పి కాయను చూసి, "ఆల్ నార్మల్" అని రాసి, ఇద్దరూ సంతకాలు పెడతారు.

ఇందులో వింత తివారీ గారు. కాయను కూర వండాలని అందరికంటే గట్టిగా అనేది ఆయనే.

"అరే అప్పారావ్ భాయ్, కటహల్ తో సబ్జీ హై! పకాకే క్యా కరోగే?" అని, పండబెట్టి ఏం చేసుకుంటావని రోజూ రెండు గంటలకు అంటారట. అని, సంతకం పెట్టి, అయిదు గంటల పాటు దాని పక్కన కూర్చుని, ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యకుండా లేచిపోతారట.

"ఆయన్నే కాపలా పెట్టావేటి బావా?"

"డూటీలో ఉన్నప్పుడు తివారీ ముట్టడు. రిలీవర్ రాకుండా సీటు ఒగ్గడు. ప్లాంటోడు" అన్నాడు బావ. అంతకు మించిన నీతిశాస్త్రం ఏ బీరువాలోనూ లేదన్నట్టు.

ఇంట్లో అక్క మాత్రం పెట్టెల మధ్య కూలబడి ఏడుపు మొహం పెట్టింది. క్వార్టర్ తాళం సోమవారం అప్పగించాలి. గడువు ఇప్పటికే ఒకసారి పెంచారు, ఇక పెంచరు. ఊరి అవతల కోహ్కాలో, రెండో అంతస్తులో కొనుక్కున్న రెండు గదులు సిద్ధంగా ఉన్నాయి. బావ మాత్రం పండు దిగితేగానీ తాళం ఇవ్వనని కూర్చున్నాడు.

"పండు కోసం కాదే సిన్నమ్మీ" అంది అక్క. "ఇది పండితే ఇంకోటంటాడు. ముప్పయ్యారేళ్ల సర్వీసులో ఒక్క మెమో నేని మనిసి. మంగళవారం నాడు తలుపుకి నోటీసు అంటిస్తే తలెత్తుకుంటాడేటి? ఆ కాయే నా సవతైపోనాది."

మరోదా వైపు: శుక్రవారం

సామాను సర్దుతుంటే అక్క నన్ను రెండుసార్లు తిట్టింది, ప్రతి పుస్తకమూ తెరిచి చదువుతున్నానని. మూడోసారి తిట్టేలోపు మరోదా వైపున్న పెద్ద తోట చూసి రమ్మని పంపేసింది.

అక్కడ చెరువుంది, పడవలున్నాయి, జింకలున్నాయి. జనం జింకల్ని చూడరు. జింకల ముందు నిలబడి తమని తాము ఫోనులో చూసుకుంటారు. చెట్టుకొక జంట కూర్చుని ఉంది. నా పుస్తకంలోని బొమ్మతో పోల్చుకుందామని ఒక అర్జున చెట్టు దగ్గరికి వెళితే, కింద ఉన్న అబ్బాయి లేచి "నమస్తే ఆంటీజీ" అని భయంగా నిలబడ్డాడు. చెట్టు కోసం వచ్చానంటే నమ్మలేదు. ఆ తోటలో చెట్టు కోసం వచ్చినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరేమో. తెలుగు కుటుంబాలు మాత్రం ఎక్కడున్నా తెలిసిపోయేవి. పచ్చిక మీద ముందు దుప్పటి, దాని మీద గిన్నెలు, గిన్నెల మీద గిన్నెలు. ప్రకృతికి వీలైనంత వీపు పెట్టి కూర్చుంటారు. చెరకురసం ఇరవై రూపాయలు. మా ఊళ్లో పదిహేను, ఈగలు ఉచితం. ఇక్కడా అవి ఉచితమే.

ఖుర్సీపార్‌లో ఇడ్లీ: శనివారం

అక్కని కూడా లాక్కుపోయాను. రెండు సందులు దాటామో లేదో చెట్లు ఆగిపోయాయి. ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టున్నాయి. లక్ష్మి దీదీ దుకాణం ముందు బల్ల మీద కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టింది. ప్లేటు ముప్పై, చుట్టాలకి ఊరికే. తరవాత లోపలికి తీసుకెళ్లి గిన్నెలో బోరే బాసీ చూపించింది. రాత్రి నీళ్లు పోసిన అన్నం, ఉల్లిపాయ, మిరపకాయ. మన చద్దన్నమే. దీనికి ఇక్కడ పండగ మర్యాద చేస్తారు, మనం మాత్రం చుట్టాలొస్తే గిన్నె వెనక్కి తోసేస్తాం.

"మీ పార్కేది?" అన్నాను.

మేడమెట్లు ఎక్కించింది. మంచం పట్టేంత డాబా. రంగు డబ్బాల్లో, సిమెంటు సంచుల్లో గోంగూర, కరివేపాకు, బచ్చలి.

"ఇదే. ఇంకోటి నాలా పక్కనుంది, దాన్ని మేం పార్కనం. పెళ్లి టెంటు ఏసుకునే జాగా. పెళ్లి నేకపోతే పిల్లల కిరికెట్టు. ఎవలైనా పోతే కుర్సీలు కూడా అక్కడే ఎడతాం. మీ సెక్టార్ పార్కులో ఇన్ని పనులవుతాయేటి?"

కావు. అక్కడ గుండ్రంగా తిరగడమే అవుతుంది.

అక్క తన సవతి గురించి చెప్పుకొచ్చింది. లక్ష్మి దీదీ గోంగూర కోస్తూ విని, తల ఊపింది.

"సెట్టు మీదే పండాలని ఎవలన్నారు? ముదిరింది కదా? కోసీ, కాడలో ఏపపుల్ల దిగ్గొట్టి, ఉప్పెట్టి, గోనెలో సుట్టీ, దీదీ. మూడ్రోజుల్లో ఈది ఈదంతా వాసనొస్తాది."

"ఈయన ఒప్పుకోడు" అంది అక్క. అని, గోంగూర కట్ట అందుకుని, దారిపొడుగునా నోరు విప్పలేదు. నేను దాన్ని ఎండ ప్రభావమనుకున్నాను.

నా డ్యూటీ: ఆదివారం

ఆదివారం పొద్దున్న మొదటి విడత సామానుతో బావ కోహ్కా వెళ్లక తప్పలేదు. ఆయన లేని వేళకి ఏ షిఫ్టు నాకు వచ్చింది. సంచి విప్పి చూపించాడు. కాయను వేళ్లతో కొట్టి విన్నాడు. "ఫర్నేస్ దగ్గర టాపింగు, అదే, ఇనప రసం బయటికి ఒగ్గే టైము, ఎప్పుడో చెవితో చెప్పేవోణ్ణి. ఇంకో నాలుగు రోజులు" అన్నాడు. సంతకం పెట్టించుకున్నాడు. "రిలీవర్ రాకుండా సీటు ఒగ్గకు. అర్థమైందా మరదలా?"

అర్థమైంది. బెంచీ మీద పుస్తకం తెరుచుకుని పదకొండు దాకా కదలలేదు. వడగాలి మొదలైంది. వాకర్లు పోయారు, నవ్వేవాళ్లు పోయారు, వడియాలు మాత్రం ఉన్నాయి. అప్పుడు అక్క మజ్జిగ గ్లాసుతో వచ్చింది, చంకలో ఉతికిన దుప్పట్ల బుట్ట.

"సిన్నమ్మీ, గేటుకాడ సెట్లకి పేర్లు రాసిన రేకులు కొట్టారు. ఒకటి తప్పేమోనని నాకు అనుమానం. నీకైతే తెలుస్తాదని..."

నన్ను ఎలా లేపాలో ఆవిడకి చిన్నప్పటి నుంచి తెలుసు.

వెళ్లి చూస్తే నిజంగానే తప్పు. నిటారుగా పెరిగిన నరమామిడికి "అశోక్" అని రేకు కొట్టారు. అసలైన అశోకం వేరని, దాని పూలు నారింజ రంగులో ఉంటాయని నా పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. అక్కడే పాదులు తవ్వుతున్న మాలీ మన్ను భయ్యాకి ఆ సంగతి వివరించాను. ఆయన ఓపిగ్గా విని రేకు వైపు చూపించాడు.

"దీదీ, లిఖా హై నా. అశోక్."

రాసి ఉంది కనుక అశోకమే. నేనూ నా పుస్తకం గురించి అదే అంటున్నాను కనుక, వాదన చాలాసేపు సాగింది.

తిరిగి వచ్చేసరికి అక్క లేదు. సంచి ఉన్నచోటే ఉంది, పురికొస కట్టు ఉన్నట్టే ఉంది. రెండు దాకా కళ్లార్పకుండా దాన్ని కాపలా కాశాను.

రెండు కొట్టేసరికి తివారీ గారు గొడుగుతో వచ్చారు. ఛార్జి తీసుకునే ముందు చూసుకోవాలి కనుక కట్టు విప్పారు. లోపలి నుంచి నీలం గళ్ల తలగడ ఒకటి జారి ఆయన చేతుల్లో పడింది.

ఆయన తలగడ వంక చూశారు. నా వంక చూశారు. "యే తో సబ్జీ భీ నహీ హై" అన్నారు. కూరకి కూడా పనికిరాదని.

ఆ తలగడ మీద మూడు రాత్రులు పడుకున్నది నేనే.

సాయంత్రం కోహ్కా నుంచి వచ్చిన బావకి ఛార్జి ఇవ్వలేక, పుచ్చుకోలేక తివారీ గారు ఇంకా నిలబడే ఉన్నారు. "మేరీ షిఫ్ట్ మే నహీ గయా" అని మూడుసార్లు చెప్పారు. నా షిఫ్టులో పోయిందని నేను ఒప్పుకున్నాను. బావ తలగడ తీసుకున్నాడు. గలీబు అంచుని వేలితో తడిమి చూశాడు. ఆ అంచు అక్క కుట్టింది. ఎదురుగా ఇంటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతులు మోచేతి దాకా కొబ్బరినూనె. పనస జిగురు వదలాలంటే అదే దారి. ఆ సంగతి నరసన్నపేట వైపు పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బావ గుమ్మం దాకా నడిచి, తలగడ దులిపి అక్కకి ఇచ్చాడు.

"మిగతా సామాను పొద్దున్నే ఎత్తీద్దాం. తాళం ఎక్కడెట్టావు?" అన్నాడు.

కోహ్కా: బుధవారం

సోమవారం తాళం ఇచ్చేశారు. నోటీసు అంటించడానికి ఎవరూ రాలేదు. కోహ్కా ఇంటి బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా ఇంకొకరి బాల్కనీ. "ఉద్యానవనానికి కేటాయించిన స్థలం" అని బోర్డు ఉన్నచోట మూడు కార్లు, ఒక ఇసుక గుట్ట ఉన్నాయి. కార్లు బాగా పెరిగాయి.

మంగళవారం నుంచే మంచం కింద నుంచి వాసన మొదలైంది. బావ కుర్చీలో కూర్చుని, "దగ్గర్లో ఎక్కడో పనసచెట్టున్నట్టుందే" అన్నాడు. "ఉంటాది" అంది అక్క. బుధవారం ఆ చెట్టుని మంచం కింద నుంచి బయటికి లాగింది. బావ కాయను వేళ్లతో కొట్టి విని, ఆశ్చర్యపోవలసినంత ఆశ్చర్యపోయాడు. తివారీ గారికి ఫోన్ చేశారు. స్కూటర్ మీద వచ్చి, మొదటి తొన అనుమానంగా నోట్లో పెట్టుకున్నారు. పదకొండో తొనతో ఆపారు.

"హల్వా హై" అని ఒప్పుకున్నారు. "లేకిన్ సబ్జీ కీ బాత్ అలగ్ హై." కూర సంగతి వేరేనట.

బావ చేతులకి నూనె రాసి తుడుచుకుని రిజిస్టరు తెచ్చాడు. చెట్టుని మొత్తంగా అప్పజెబుతాడని నేను అనుకున్నాను. అక్క కూడా అదే అనుకుందేమో, కళ్లొత్తుకుంటోంది.

"తివారీ భాయ్, వచ్చే ఏడు కాయలెక్కువ కాస్తాయి. సగం పచ్చివి కోసుకో, కూరొండుకో. సెట్టుకి మటుకు వానలు పడేదాకా నీళ్లాగకూడదు."

తివారీ గారు కలం తీశారు. సంతకం పెట్టబోయి ఆగారు. "మేరా రిలీవర్ కౌన్?" అన్నారు. నా తరవాత డ్యూటీకి వచ్చేదెవరు? అది తేలకుండా ప్లాంటువాళ్లు ఎక్కడా సంతకం పెట్టరు.

బావ ఆయన్ని వింతగా చూశాడు.

"బీ షిఫ్టు నీది. ఏ షిఫ్టు నాదే కదేటి. ఆరింటికల్లా వచ్చేస్తాను. తాళం క్వార్టర్‌ది ఇచ్చాను గానీ, పార్కుకి తాళమెక్కడిది?"

"ఓలమ్మ! కోహ్కా నుంచేటి?" అక్క తొన చేతిలో పట్టుకునే లేచి నిలబడింది. "దీని కోసమేటి నాను దొంగనైపోయింది!"

అక్క నాలిక కరుచుకుంది. బావ రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచాడు. గురువారం తెల్లారి అయిదింటికి బావ స్కూటర్ చప్పుడుకి లేచి చూస్తే, అక్క డబ్బాలో చపాతీలు సర్దుతోంది, తిడుతూ.

కృతజ్ఞతలు

పార్కుల గురించి సగం నిజాన్ని రైల్లోనూ, మిగతా సగాన్ని మేడమీదా చెప్పిన లక్ష్మి దీదీకి. రాసి ఉన్నదాన్ని నమ్మడంలో నాకు సాటి వచ్చిన మాలీ మన్ను భయ్యాకి. ఆ చెట్టు నరమామిడే. చెట్ల పుస్తకాన్ని గడువు దాటాక ఇచ్చినా, పనస జిగురు అంటిన పేజీలు చూసీ చూడనట్టు ఊరుకున్న మా గ్రంథాలయాధికారి సత్యవతి గారికి. ఇష్టం లేని పండుని ఇష్టంగా కాపలా కాసిన తివారీ గారికి. రాత్రి షిఫ్టు కుక్కకి, దాని పేరు మోతీ. పేరు బయటపెట్టడానికి ఒప్పుకుని, "రాస్తే రాసుకో, నాకేటి భయం" అన్న నరసమ్మక్కకి.

అందరికంటే అప్పారావు బావకి. బయలుదేరేముందు రిజిస్టరులో ఆ ఆదివారం పేజీని ఫోనులో ఫొటో తీసుకున్నాను, అడిగినవాళ్లకి చూపిస్తాను. ఏ షిఫ్టు ముగిసిన రెండు గంటల వరస, పేరు దగ్గర నా పేరు. కాయ పరిస్థితి అన్నచోట బావ స్వదస్తూరీతో "ఆల్ నార్మల్" అని ఉంది.